తొంభై ఏడు గడి

గరివిడి,
జూలై 7, 2024

మావయ్యా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నువ్వు అడగకముందే చెబుతున్నాను. ఫుట్‌బాల్ గురించి మనిద్దరం ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడితే మూడో నిమిషంలో నువ్వు అరుస్తావు, నాలుగో నిమిషంలో నేను పెట్టేస్తాను. ఇది అలా తేలే విషయం కాదు. పైగా నువ్వు చెప్పేదంతా నీ చేత్తో రాసి ఉండాలి. ఫైల్లో పెట్టాలి.

మన తీర గ్రామాల లీగుకి వచ్చే ఏడాదితో ఇరవై సీజన్లు నిండుతాయి. పుస్తకం వేస్తున్నారు. శ్రీకాకుళంలో లీగు గది గోడకి గెలిచిన ఊళ్ల పేర్లతో బోర్డు పెడుతున్నారు. నన్ను రికార్డుల కార్యదర్శిని చేశారు. బడిలో పిల్లల చేత పరుగులు తీయించే టీచరుకి సాయంత్రం ఏం పని ఉంటుందిలే అనుకున్నారు కాబోలు. ఇప్పుడు తగువేమిటంటే, బోర్డు లీగు పుట్టిన 2006 నుంచి మొదలవ్వాలా, లేక అంతకుముందు మీరంతా ఆడిన రేవు షీల్డు గెలుపుల్ని కూడా లీగు గెలుపులుగా ఎక్కించాలా అని.

నా మాట ముందే చెప్పేస్తాను, తరవాత తిట్టుకో. ఎక్కించకూడదు. అప్పుడు లీగే లేదు. ఒక ఏడాది తొమ్మిది మంది ఆడితే మరో ఏడాది పదకొండు మంది. రిఫరీ ఎవరి చుట్టమైతే వాళ్లకే పెనాల్టీ. బిడ్డ పుట్టకముందే వాడికి మార్కులు వేస్తారా?

అయినా కార్యదర్శిని కాబట్టి అందరి మాటా తీసుకోవాలి. నువ్వు గవ్వలపేట జట్టుకి పదిహేనేళ్లు కెప్టెన్‌వి. నీకు గుర్తున్నవన్నీ, ఏ ఏడు ఎవరి మీద ఎంతకి గెలిచారో రాసి పంపు. అమ్మ బాగానే ఉంది. మోకాలి నొప్పి తగ్గలేదు. మీ అన్నకి రాస్తున్నాను, ఏమైనా చెప్పాలా అంటే వేళకి తినమని రాయమంది.

అరుణ


గవ్వలపేట, నౌపడ దగ్గర
జూలై 19

అమ్మా అరుణా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు కోపంతో తిరిగాను. అయిదో రోజు నౌపడ వెళ్లి కాగితాలు కొన్నాను. ఇంత చదువు చదివించింది నా మీదే తిరగబడడానికా?

బిడ్డ పుట్టకముందే మార్కులా అన్నావు. నీకు పేరు పెట్టింది ఇరవై ఒకటో రోజున. అంతవరకు ఇరవై రోజులూ నువ్వు లేవా? మేము నిన్ను ఎత్తుకోలేదా, నువ్వు మా మీద ఉచ్చపోయలేదా? లీగు అన్న పేరు 2006లో పెట్టారు. ఆట అంతకుముందు నుంచీ ఉంది. అవే ఊళ్లు, అవే ఒంట్లో రక్తాలు.

నువ్వు పిల్లలకి సున్నం గీతలు గీసి నేర్పుతావు. మాకు గీత వేసేది సముద్రమే. పాటు మీద నీళ్లు తగ్గి ఇసక గట్టిపడ్డాక మొదలెట్టేవాళ్లం, పోటు మళ్లీ వచ్చి బంతిని తడిపితే ఆట అయిపోయినట్టు. తెడ్లు పాతి గోలు పెట్టుకునేవాళ్లం. ఫైనలు మన ఊళ్లో అయితే అన్నం మనం వండాలి, వచ్చే ఊరివాళ్లు చేపలు తేవాలి. దాన్ని ఆటకూర అనేవారు. ఆ చేపలు ఆ పొద్దుటే వాళ్ల వలలో పడ్డవి అయి ఉండాలి, సంతలో కొన్నవి తెస్తే పరువు పోయేది. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకే బంతిని కూర్చుని తినేవాళ్లం. మీ లీగులో ఇప్పుడు పులిహోర పొట్లాలు ఇస్తున్నారట.

మన ఊరు గెలిచినవి ఆరు. 86, 88, 91, 94, 97, 2001. ఏ ఊరికీ ఇన్ని లేవు. లీగు వచ్చాక ఒక్కటీ లేదు. కుర్రాళ్లంతా గుజరాత్ పడవల మీదికి వలస పోతే ఎవరు ఆడతారు? మొన్న వినోద్ గాడి కొడుకు నన్ను అడిగాడు, "తాతా, మన ఊరు ఎప్పుడైనా గెలిసిందా?" అని. వాడికి తొమ్మిదేళ్లు. మన గోల్‌కీపరు నరసింగరావు నీకు తెలుసు కదా. కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి తీసుకెళ్తున్నారు. బోర్డు మీద ఊరి పేరు చూసి పోతాను అంటున్నాడు.

97 ఫైనలు అన్నిటిలోకీ గొప్పది. మే 25, ఆదివారం. మీ నాన్న ఊరు కొత్తరేవు మీద రెండు ఒకటితో గెలిచాం. వాళ్ల గోలు మీ నాన్న అసిరయ్యే కొట్టాడు. అమ్మ దగ్గర మాత్రం ఆ ఏడాది మాట ఎత్తకు. మీ నాన్న పోయింది ఆ ఏడే కదా, ఊరికే బాధపడుతుంది.

మీ మావయ్య
అప్పలసూరి


గరివిడి,
ఆగస్టు 16

మావయ్యా,

ఒప్పుకుంటున్నాను, నువ్వే గెలిచావు. నీ ఇరవై ఒకటో రోజు మాట కమిటీలో నా సొంత మాటలా చెప్పేశాను. అందరూ నవ్వారు, సగం మంది మనసు మార్చుకున్నారు. నేనూ మార్చుకున్నాను.

కానీ అధ్యక్షుడు శివాజీ గారు వకీలు. ఆయన ఒక మెలిక పెట్టారు. షీల్డు పుట్టిన 1983 నుంచి 2005 దాకా ప్రతి ఏటికీ ఒక గడి. ప్రతి గడిలో గెలిచిన ఊరి సంతకం, ఓడిన ఊరి సంతకం రెండూ ఉండాలి. ఒక్క ఏడు ఖాళీగా మిగిలినా మొత్తం పాత గెలుపులు ఏవీ ఎక్కవు. ఆయన మాటా న్యాయమే. గెలిచామని చెప్పేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, ఓడామని చెప్పేవాళ్లే సాక్ష్యం.

నెల రోజులుగా సెలవు రోజుల్లో ఊళ్లన్నీ తిరుగుతున్నాను. తాతలంతా ముప్పై ఏళ్ల కిందటి పెనాల్టీ గురించి మళ్లీ ఒకసారి పోట్లాడి, అప్పుడు సంతకం పెడుతున్నారు. నవ్వలేక చచ్చిపోతున్నాను. అన్నీ వచ్చేశాయి. తొంభై ఏడు గడి ఒక్కటే మిగిలింది. కొత్తరేవు నుంచి ఎవరైనా పెట్టాలి. అప్పుడు వాళ్ల కెప్టెన్ నాన్నేనని ఈ తిరుగుళ్లలోనే తెలిసింది. ఆయన లేరు కాబట్టి అమ్మ పెట్టొచ్చు. కానీ నువ్వు అడగవద్దన్నావు, నేను అడగలేదు. వచ్చే నెల కొత్తరేవు వెళ్తాను.

ఇంకో మాట. నాన్న గురించి నా దగ్గర ఉన్నది ఒక్క పెళ్లి ఫోటో. అందులో ఆయన ముఖం కంటే బాసికమే పెద్దగా ఉంటుంది. బంతి ఆడేవాడని, సముద్రంలో పోయాడని తెలుసు, అంతే. ఆయన గోలు కొట్టాడని నీ ఉత్తరంలో చదివి, మర్నాడు బడిలో పిల్లలందరికీ చెప్పాను. సిగ్గు లేకుండా రెండుసార్లు చెప్పాను. ఎలా కొట్టాడు మావయ్యా? ఏ కాలితో?

అరుణ


గవ్వలపేట,
ఆగస్టు 28

అమ్మా అరుణా,

ఎడమ కాలితో. కుడి పక్క నుంచి, నీళ్ల అంచు వెంట బంతి తెచ్చాడు. నేను అడ్డం వెళ్తే నన్ను దాటేశాడు. నరసింగరావు ముందుకి దూకాడు. మీ నాన్న తొందరపడలేదు. నరసింగరావు ఇసకలో పడేదాకా ఆగి, పక్క నుంచి నెమ్మదిగా తోశాడు. తరవాత వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు. అప్పటికి మేము రెండు కొట్టేశాం కాబట్టి నేనూ నవ్వాను.

నరసింగరావుని ఈ గోలు గురించి అడగకు. ఒంట్లో బాగోక అతనికి పాతవి గుర్తుండడం లేదు.

కొత్తరేవు వెళ్లకు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాక సరైన రోడ్డు లేదు, వానలు పడుతున్నాయి. ఊళ్లో కూడా ఎవరున్నారు, సగం ఇళ్లకి తాళాలు. ఆ కాగితం నాకు పంపించు, సంతకం నేను తెప్పిస్తాను. నువ్వు శ్రమ పడకు.

మీ మావయ్య


తీర గ్రామాల ఫుట్‌బాల్ లీగు
రికార్డుల కార్యదర్శి, గరివిడి
సెప్టెంబరు 30, 2024

శ్రీ అప్పలసూరి గారికి,

1997 రేవు షీల్డు ఫైనలు గురించి మీరు జూలై 19న, ఆగస్టు 28న రాసి ఇచ్చిన వివరాలను సరిచూడడానికి ఈ నెల 22న నేను కొత్తరేవు వెళ్లాను.

అక్కడ దాలమ్మ గారిని కలిశాను. ఆమె భర్త కూర్మయ్య కొత్తరేవు జట్టులో ఆడేవారు. ఆ ఏడాది మీరు రెండు ఒకటితో ఓడిపోయారు, ఇక్కడ వేలిముద్ర వేయండి అని కాగితం ఆమె ముందు పెట్టాను. ఆ పని చేసిన నన్ను నేను క్షమించుకోలేకుండా ఉన్నాను. ఆమె కోప్పడలేదు. "ఆటేటి తల్లీ? ఆ దినం ఆట ఎక్కడిది? ఊరు ఊరంతా ఒడ్డు మీదే ఉన్నాది. మీ నాయిన మూడోనాడు దొరికినాడు" అన్నారు.

మా ఇంట్లో నాన్నకి వైశాఖ బహుళ తదియనాడు పెట్టుకుంటాం. చిన్నప్పటి నుంచీ నాకు ఆ తిథే తెలుసు, తారీకు ఎప్పుడూ చూడలేదు. ఇంటికి వచ్చి పాత పంచాంగం వెతికించాను. 1997లో ఆ తదియ మే 25, ఆదివారం. మీరు ఆట జరిగిందని రాసిన రోజు.

ఆ పొద్దున అల్పపీడనమని రేవులో ఎవరూ పడవ దింపలేదట. మా నాన్నగారూ, కూర్మయ్య గారూ, మరో ఇద్దరూ మాత్రం ఆటకూరకని దింపారట. అంత సముద్రం తెలిసిన మనుషులు ఆ రోజు ఎందుకు వెళ్లారో ఇరవై ఏడేళ్లయినా నాకు అర్థం కాలేదు అన్నారు దాలమ్మ గారు.

జరగని ఆటకి మీరు స్కోరు రాశారు. చనిపోయిన మనిషి చేత గోలు కొట్టించారు. ఏ కాలితోనో కూడా రాశారు. నేను దాన్ని నా పిల్లలకి చెప్పుకున్నాను.

మీరు చెప్పవలసింది ఒకటే ఉంది. వాళ్లు ఎందుకు వెళ్లారు? మీకు తెలిస్తే రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. మేనకోడలిగా మీకు ఉత్తరం రాయడం ఈ పూట నా చేత కావడం లేదు.

ఎ. అరుణశ్రీ
రికార్డుల కార్యదర్శి


గవ్వలపేట,
నవంబరు 10

అమ్మా,

గారు అని రాశావు. నలభై రోజులుగా ఆ కాగితం చొక్కా జేబులోనే ఉంది. చెమటకి అక్షరాలు అలికిపోయాయి. అయినా ఆ ఒక్క మాట పోలేదు.

తెలియదని రాయమని దారి కూడా చూపించావు. తెలియదని రాస్తే నువ్వు నమ్మేదానివే. అందుకే రాయలేను.

ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, నేను మొగ దాటి కొత్తరేవు వెళ్లాను. మర్నాడు ఎన్నింటికి వస్తారో కనుక్కుందామని. ఒడ్డున పడవ పక్కన నలుగురూ కూర్చుని ఉన్నారు. మీ నాన్న, కూర్మయ్య, ఇంకా ఇద్దరు అన్నదమ్ములు. మీ నాన్న అన్నాడు, "సముద్రం బాగోనేదు బావా. ఈపాలి కూర నేకుండా వచ్చేస్తాం" అని. సముద్రం బాగోలేదని నాకూ కనిపిస్తూనే ఉంది. నాకూ కళ్లున్నాయి. నేను ఏమన్నానో అన్నది అన్నట్టు రాస్తున్నాను. "కూర నేకపోతే ఆట నేదు బావా. ఓడిపోతామని బయమేస్తే సెప్పీండి, సముద్రం మీద పెట్టకండి."

వేళాకోళానికే అన్నాను. బావాబావమరుదులం, ఎప్పుడూ అలాగే మాట్లాడుకునేవాళ్లం. ముగ్గురు నవ్వారు. మీ నాన్న నవ్వలేదు. నేను నవ్వుకుంటూ తిరిగి వచ్చేశాను.

మర్నాడు ఇక్కడ అన్నం వండి, తెడ్లు పాతి కూర్చున్నాం. మధ్యాహ్నం దాకా చూశాం. తరవాత ఆ గట్టు నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మిగతాది నీకు దాలమ్మ చెప్పింది.

ఆ ఏడాది చివర షీల్డు మీద మన ఊరి పేరుతో రేకు కొట్టించింది నరసింగరావు. రానివాళ్లు ఓడినట్టే కదా అన్నాడు. నేను కాదనలేదు. కాదంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పడం కంటే రేకు ఉండనివ్వడమే తేలిక అనిపించింది. నా మాట విన్న నలుగురూ లేరు. మీ అమ్మకి తెలియదు. ఎవరికీ తెలియదు.

స్కోరు సంగతి. అది నీకోసం అప్పటికప్పుడు అల్లినది కాదు. ఆ ఆట నేను ఇరవై ఏడేళ్లుగా ఆడుతున్నాను. వల బాగు చేసుకుంటున్నప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు. ప్రతిసారీ వాళ్లు కూర లేకుండా వస్తారు, నేను రండి అంటాను. ప్రతిసారీ మీ నాన్నకి ఒక గోలు ఇస్తాను. అంతకంటే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికి ఆరో గెలుపు కావాలన్న ఆశ కూడా ఉంది, లేదని అబద్ధం చెప్పను. రాసేటప్పుడు ఏది ఏదో నాకే తెలియలేదు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. ఆ ఏడు కొత్తరేవు గెలిచిందని రాయి. ఓడిన ఊరి తరఫున నేను సంతకం పెడతాను. గడి నిండుతుంది, అందరి గెలుపులూ ఎక్కుతాయి. వాళ్లకి ఒక గెలుపు మిగులుతుంది. గౌరికి మాత్రం చెప్పకు. నాకు అది ఒక్కతే చెల్లెలు.

అప్పలసూరి


గరివిడి,
నవంబరు 24

మావయ్యా,

గారు తీసేశాను. కోపం తీయలేదు.

నీ ఉత్తరం బడిలో, ఆటసామాన్ల గదిలో తలుపు వేసుకుని చదివాను. ఇంటికి తేలేదు. నా చేత అ ఆలు దిద్దించి, నన్ను బడికి తీసుకెళ్లి, విజయనగరంలో హాస్టల్లో చేర్చి, నెలనెలా చూడడానికి వచ్చిన మనిషివి. అది ప్రేమతో చేశావా భయంతో చేశావా అని రెండు వారాలుగా నన్ను నేను అడుగుతున్నాను. దీనికి నువ్వు జవాబు రాయకు. ఏం రాసినా నమ్మలేను.

కొత్తరేవు గెలిచిందని రాయను. మళ్లీ ఒక జరగని ఆటే కదా అది. ఈసారి నువ్వు ఓడిపోయావు, అంతే తేడా. నాన్నకి నీ చేతి గోలు అక్కర్లేదు, నీ చేతి గెలుపూ అక్కర్లేదు. జరగనిది నేను రాయను, జరిగింది వదలను.

కమిటీకి వెళ్లి అడిగాను. ఆట జరగని ఏడు ఉంటే ఆట జరగలేదని రాయొచ్చు, కారణం రాసి రెండు ఊళ్లూ సంతకం పెడితే గడి నిండినట్టే అని శివాజీ గారు ఒప్పుకున్నారు. షీల్డు మీది రేకు తీసేయాలి. గవ్వలపేటకి అయిదే మిగులుతాయి. అయిదు ఉన్న ఊళ్లు ఇంకా రెండున్నాయి, వాటికి లీగులో గెలిచినవీ ఉన్నాయి. అన్నిటికంటే పెద్దవాళ్లం అన్న మాట మీకు ఉండదు.

కొత్తరేవు తరఫున అమ్మ పెడితేనే తానూ వేలిముద్ర వేస్తానంది దాలమ్మ. కాబట్టి ఆ కాగితం అమ్మ చేతికి వెళ్తుంది. అమ్మ చదవగలదు, నెమ్మదిగా అయినా ప్రతి అక్షరం చదువుతుంది. నీ ఉత్తరం సంగతి నేను అమ్మకి చెప్పను. కారణం గడిలో నువ్వు ఏం రాస్తే అమ్మకి అదే తెలుస్తుంది. గాలివాన అని రాస్తే గాలివానే. అది అబద్ధం కూడా కాదు.

రెండు ఖాళీ ఫారాలు పంపుతున్నాను, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని. జనవరి మూడో వారంలో మీటింగు.

అరుణ


గవ్వలపేట,
డిసెంబరు 15

అమ్మా అరుణా,

రెండు ఫారాలు పంపడం మంచిదైంది. మొదటి దాని మీద గాలివాన అని రాశాను. సంతకం కూడా పెట్టాను. అది మూడు రోజులు దేవుడి గూట్లో ఉంది. నాలుగో రోజు చింపేశాను.

రెండోది రాయకముందు ఊళ్లో చెప్పాలనిపించింది. పాత జట్టులో బతికి ఉన్నవాళ్లం ఏడుగురం. నరసింగరావు కదలలేడు కాబట్టి అందరం వాళ్లింటికే వెళ్లాం. చెప్పాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఒకడు, నువ్వు అన్నావని వాళ్లు వెళ్లారా, వాళ్ల కర్మ, ఇప్పుడు దీన్ని తవ్వి ఊరి పరువు తీయడం ఎందుకు అన్నాడు. నరసింగరావు చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చివరికి, "నా సేత దొంగ రేకు కొట్టించీసినావు సూరీ" అన్నాడు. అంతే, మళ్లీ మాట్లాడలేదు. నిన్న వాళ్లబ్బాయి షీల్డు తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్లాడు. ఆ రేకు ఊడదీసి ఉంది.

మీటింగుకి నేను రాను. నువ్వు చదువుతుంటే వినే ధైర్యం లేదు. ఫారం ఈ ఉత్తరంతోనే ఉంది. చేతిరాత బాగోలేదు, మన్నించు.

గౌరి సంతకం పెట్టకపోతే బలవంతపెట్టకు. నా మొహం చూడనంటే, చూడనందని నాకు రాయి చాలు.

అప్పలసూరి


గరివిడి,
జనవరి 26, 2025

మావయ్యా,

మొన్న మీటింగు అయింది. పాత గెలుపులన్నీ ఎక్కుతున్నాయి. వేసవికి బోర్డు తయారవుతుంది. గవ్వలపేట పేరు అయిదు చోట్ల ఉంటుంది. నరసింగరావు మావయ్యకి చెప్పు. మాట్లాడకపోయినా వెళ్లి చెప్పు.

తొంభై ఏడు గడి నేనే చదివాను. బడిలో హాజరు పిలిచినట్టు, నువ్వు రాసింది రాసినట్టు చదివాను. ఆట జరగలేదు. కారణం: ఆటకూర కోసం సముద్రం మీదికి వెళ్లి కొత్తరేవు జట్టులో నలుగురు చనిపోయారు. సముద్రం బాగోలేదని వాళ్లు చెప్పినా కూర లేకపోతే ఆట లేదని వాళ్లని ఎగతాళి చేసి పంపింది నేను. అప్పలసూరి, గవ్వలపేట కెప్టెన్.

ఇప్పుడు అమ్మ సంగతి. నీ ఉత్తరం వచ్చిన తరవాత వారం దాకా ఫారం ఇవ్వలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున, అమ్మ పప్పులో రాళ్లు ఏరుకుంటుంటే, ఫారం పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాను. 'ఓడిన ఊరి తరఫున సంతకం' అని అచ్చు వేసినచోట 'ఓడిన' అన్న మాట ముందే కొట్టేశాను. తిరిగి వచ్చేసరికి చేట ఒళ్లోనే ఉంది, కాగితం చేతిలో ఉంది. నిన్ను తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నన్ను చూసి అడిగింది, "ఈడన్నాడని ఎల్లినాడా?"

అవునన్నాను.

"నానే పంపినాననుకున్నాను ఇన్నాల్లూ. తెల్లారీతలికి లేపి, పుట్టింటికి ఒట్టి సేతుల్తో ఎలా ఎల్తాను, మా వోల్లు నవ్వరా అన్నాను. నా మాట మీదే ఎల్లినాడనుకున్నాను."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ నాన్న గురించి ఎందుకు మాట్లాడదో, గవ్వలపేట అంటే ఏదో ఒక సాకు ఎందుకు చెబుతుందో నేను ఒక్కసారీ అడగలేదు. నువ్వూ అడిగి ఉండవు. అడిగితే నీ సంగతి బయటపడుతుందని నీ భయం, తన సంగతి బయటపడుతుందని తన భయం.

తరవాత పెన్ను అడిగింది. నీ పేరు కింద తన పేరు రాసింది, గౌరి అని, ఔత్వమూ గుడీ సరిచూసుకుంటూ. నీ మీద కోపం లేదని నేను చెప్పను. తనూ చెప్పలేదు. రాత్రి అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు. నిన్ను రమ్మనమని గానీ వద్దనమని గానీ ఇంతవరకు అనలేదు. అన్నరోజు రాస్తాను.

పెన్ను తిరిగి ఇస్తూ మాత్రం ఒకటి అడిగింది. తను అన్న మాట కూడా నీ మాట కింద రాయమంది. ఇద్దరం పంపినామని రాయి, ఒక్కడి మీదే ఎందుకు ఉండాలి అంది.

గడిలో చోటు లేదమ్మా అని చెప్పాను.

చోటు చాలా ఉంది మావయ్యా. సగం గడి ఖాళీ. జరిగింది వదలనని నీకు రాసిన నేను అది వదిలేశాను. లీగు పుస్తకంలో నీ పేరొక్కటే ఉంటుంది. అమ్మ మాట నీకు ఒక్కడికే రాస్తున్నాను.

అరుణ